మేస్త్రి అతుకు, రోబో నంబరు

మేస్త్రి పోయాడన్న కబురు నాకు కంపెనీ బస్సులో తెలిసింది. తోరణగల్లు దాటి మలుపు తిరుగుతుండగా వెనక సీట్లో ఎవరో చెవి దగ్గర్నుంచి ఫోను దించి, “మన పాత వెల్డింగు మేస్త్రి పోయినాడంటప్పా, తెల్లార్తో” అన్నాడు. పక్కనున్నతను “ఓ, ఆయప్పా” అని, బస్సు ఈ రోజైనా టిఫిను టైముకి చేరుతుందా అని డ్రైవర్ని కేకేసి అడిగాడు. రోడ్డు మీద ముడిఖనిజం లారీలు ఒకదాని వెనక ఒకటి బారులు తీరి ఉన్నాయి. బస్సులో సగం మంది ఆయన వెళ్లిపోయాక చేరినవాళ్లు. మిగతా సగం మందికి ఆయన దగ్గర పని నేర్చుకున్నది నేనని తెలుసు కాబట్టి నావైపు చూశారు. నేను బస్సు దిగలేదు. షెడ్డుకే వెళ్లాను, మామూలుగా సంతకం పెట్టాను.

మధ్యాహ్నానికల్లా గేటు దగ్గర ఫ్లెక్సీ లేచింది. ఇలాంటివాటిలో మా యజమాని చురుకుదనానికి సాటి లేదు. చేతులు జోడించిన ఆయన బొమ్మ నిలువెత్తు, ఆ వెనక పసుపురంగు రోబో, కింద మూలన మేస్త్రి తలకాయ. “మా రోబో తొలి గురువుకు అశ్రునివాళి” అని కన్నడలో ఒకసారి, తెలుగులో ఒకసారి. మేస్త్రి ఫొటో ఎక్కడా దొరక్క, రోబోకి పూజ చేసిన రోజు తీసిన గుంపు ఫొటోలోంచి కత్తిరించారు. భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయింది. ఆ చెయ్యి నాది.

ఇలా పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మహానుభావుడు, అజాతశత్రువు అనడం ఆనవాయితీ. మా మేస్త్రికి అవేవీ అతకవు. పొట్టి మనిషి, కోపిష్టి. లోకంలో ముప్పాతిక మందిని పనికిరానివాళ్ల కింద జమకట్టేసేవాడు. ఆ లెక్కలో పెద్దగా పొరపాటు పడలేదని ఇప్పుడనిపిస్తోంది. నన్ను మాత్రం కొన్నాళ్లు మిగిలిన పాతిక వంతులో కలిపాడు. అదొక్కటే ఆయన చేసిన తప్పు.

మాది సిరిగేరి. మాగాణి ఉన్న ఇల్లు. అన్నదమ్ముల్లో చివరివాణ్ని గనక మడి కంటే ఐటీఐ మేలని మా నాన్న నన్ను తోసేశాడు. సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని షెడ్డుకు వచ్చిన రోజున మేస్త్రి దాన్ని చదవనైనా లేదు. “రాడ్డు పట్టుకొనేది తర్వాత. ముందు వినేకి నేర్చుకో” అని రోడ్డు మీది ఒగ్గరణె బొరుగుల అంగడికి తీసుకుపోయి, బజ్జీల బాణలికి వీపు పెట్టి కూర్చోబెట్టాడు. “అదో, ఇప్పుడు వేసినాడు. ఇప్పుడు నూనె సల్లారింది. ఇప్పుడు మాడతాండాది. చూడకుండా చెప్పు.” వారం రోజులు అదే చదువు. మంచి అతుకు పడుతున్నప్పుడు రాడ్డు చేసే చప్పుడు సరిగ్గా బజ్జీ వేగే చప్పుడేనని తర్వాత తెలిసింది. ఆయన షెడ్డులో ఒక మూల నిలబడి, పన్నెండు చోట్ల పని జరుగుతుంటే, “రేయ్, ఐదో నంబరు, మాడ్చినావు” అని వెనక్కి తిరగకుండానే అరిచేవాడు.

ఆదివారం మాత్రం ఇంకో మనిషి. పాత మిషన్ చర్చిలో ముందు వరస, తెల్ల చొక్కా. ఆయన చొక్కాల్లో నిప్పురవ్వల చిల్లులు లేనిది అదొక్కటే. భార్య మిషన్ బడిలో టీచరమ్మ. ఆమె కీర్తన ఎత్తుకుంటే ఈయన అర అడుగు వెనకగా, బొంగురుగా అందుకునేవాడట. పాట రాదు గానీ మానడు. సోమవారం పొద్దున మళ్లీ చిల్లుల చొక్కా, దవడలో బెల్లం గడ్డ. పొగ గొంతులో నిలవకుండా బెల్లం దింపుతుందని మా షెడ్డులో నమ్మకం. డాక్టరు కాదన్నా ఆయన వినలేదు. “డాక్టరు పొగ పీల్చినాడా, నేను పీల్చినానా?” అనేవాడు.

యజమాని గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. వాళ్లది శెనక్కాయలు పండించుకునే ఇల్లు. కొండల్లో ఎర్రమన్ను బంగారమై చైనాకు పోతున్న రోజుల్లో ఈయన మొదట ఒక లారీ కొన్నాడు, తర్వాత పది కొన్నాడు, ఆపైన లారీలకు టిప్పరు తొట్లు తయారుచేసే షెడ్డు పెట్టాడు. మూడేళ్ల కిందట సైకిలు మీద తిరిగినవాడు హెలికాప్టరు అద్దెకు తీసుకుని పెళ్లికి వెళ్తున్న కాలం అది. బుద్ధి ఒక్కటి అద్దెకు దొరికేది కాదు గానీ, దాని అవసరం ఎవరికీ పడలేదు.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. పెట్టింది యజమాని కాదు, మేస్త్రి. ప్రతి వెల్డరుకీ ఒక నంబరు, ఆ నంబరున్న ఉక్కు పంచ్ ఒకటి. ఎవరి అతుకు పూర్తయ్యాక వాళ్లు, దాని పక్కనే పంచ్ పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేసి తమ నంబరు గుద్దాలి. మేస్త్రిది ఒకటి. నాది తొమ్మిది. తొట్టి ఎక్కడైనా చీలితే నంబరు చూసి పిలిచేవాడు. పిలిచి తిట్టేవాడు, కానీ చాటుగా. బాగున్న అతుకు కనిపిస్తే నంబరు చూసి అందరి ముందూ పిలిచేవాడు. పిలిచి ఏమీ అనేవాడు కాదు. అదే మెప్పు. నాకు చూపు బాగుందని తర్వాత ఆయనే యజమానితో చెప్పి నన్ను చెకింగులో వేయించాడు.

రోబో ఆయుధపూజ నాడు వచ్చింది. దూరాన ఏదో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ అమ్మేసిన పాత మరచెయ్యి, వెల్డింగు చేసేది. పసుపు రంగు కొత్తగా వేశారు. బూడిదగుమ్మడికాయ కొట్టారు, నిమ్మకాయలు తొక్కించారు, చెయ్యి కీలుకి బంతిపూల దండ కట్టారు. యజమాని మైకు పట్టుకున్నాడు.

“ఈయప్ప టీ అడగడు. బీడీ అడగడు. ఊర్లో జాతరుండాది, లీవియ్యండి అని అడగడు. ఇంక మనకి లేబర్ తలనొప్పి ఖలాస్.”

లేబర్ అందరూ అక్కడే నిలబడి ఉన్నారు, ప్రసాదం చేతుల్లో పట్టుకుని. వెనక వరసలోంచి మేస్త్రి, “అతుకు యాడుండాదని కూడా అడగడు” అన్నాడు. ఆయన పక్కనున్న నలుగురం నవ్వాం. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఫొటో అప్పుడు తీసిందే.

ఆ మాట ఎంత నిజమో నెల తిరక్కుండానే తేలింది. రోబోని అమ్మినవాళ్ల తరఫున వచ్చిన కుర్రాడు రెండు నున్నటి ప్లేట్లు పెట్టి చూపించినప్పుడు అతుకు గీత గీసినట్టు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రి వంగి బొటనవేలితో తడిమి, “బాగుండాది. దీని చెయ్యి వణకదు. నాది వణకబట్టింది” అన్నాడు. యంత్రాన్ని చూసి ఏడ్చే రకం కాదాయన. కానీ మా ప్లేట్లు నున్నవి కావు. గ్యాసుతో చేత్తో కోసినవి. అంచులు ఎలుక కొరికిన రొట్టెల్లా ఉంటాయి. ఒకచోట వేలు పట్టేంత సందు, ఇంకోచోట ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునుంటాయి. చేత్తో చేసేవాడు సందు చూసి నిదానిస్తాడు, నింపుతాడు, ముందుకు పోతాడు. రోబో మాత్రం ఒకసారి నేర్పిన దారినే పోతుంది. సందు ఉన్నచోట గాలికి వెల్డింగు చేసింది. కరిగిన ఇనుము కింద బొట్లుబొట్లుగా పడింది. యజమాని దాన్ని తెలుగులోనూ కన్నడలోనూ తిట్టాడు.

“ప్లేట్లు ఒకే కొలతకు కోసే మిషను కూడా తీసుకోవాలి సార్” అన్నాడు అమ్మినవాడు.

“అది వచ్చే ఏడు సూస్తాం” అన్నాడు యజమాని.

“పిండి కొద్దీ రొట్టె” అన్నాడు మేస్త్రి. అని ఊరుకోలేదు. పదిహేను రోజులు కూర్చుని, తొట్టి అడుగున వేసే పట్టీల కోసం ఇనుప చట్రం ఒకటి తయారుచేశాడు. కోసేవాడి చేతికి ఆనికగా ఒక పట్టీ బిగించి, అంచులు తిన్నగా వచ్చేట్టు చేశాడు. పట్టీలు ఆ చట్రంలో వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చునేవి. రోబో వాటిని చక్కగా అతికింది. మనిషైతే తొట్టి లోపల బోర్లా పడుకుని చెయ్యాల్సిన పని అది. పొగంతా మొహానికే కొట్టేది. “ఈ పొగ వానికియ్యప్పా. వానికి ఎద లేదు” అని నవ్వాడు. తర్వాత నా చేతికి కొత్త పంచ్ ఇచ్చాడు. ఆర్-1. “వాడు చేసింది వానిదే. వాని నంబరే గుద్దు.” ఆ రోజు ఆయన నిజంగా సంతోషంగా ఉన్నాడు.

అక్కడితో ఆపి ఉంటే మా షెడ్డు బాగుపడేది. కానీ యజమానికి ఒక పెద్ద ఆర్డరు తగిలింది. బండ్రి వైపు గనుల నుంచి ఖనిజం తోలే పెద్దమనిషి ఒకాయనకు వరసగా తొట్లు కావాలి. మొత్తం రోబోయే చేస్తుందని ఈయన మాటిచ్చేశాడు. నన్ను క్యాబిన్లోకి పిలిచి కుర్చీ చూపించాడు. కుర్చీ చూపించినప్పుడే నాకు అర్థం కావాల్సింది.

“పంచ్‌లన్నీ నీతోనే పెట్టుకోప్పా. అన్నిట్లకీ రోబో నంబరే గుద్దు.”

“మేస్త్రి వాళ్లు చేసినవాటికి?”

“వాల్ల అతుకులు మేలే కదా? మేలైందానికి ఏ నంబరైతే ఏంది? సుమ్నే, ఊరికే ఒక నంబరు. ఆర్డరు అయినంక ఎవురి పంచ్ వాల్లకి ఇచ్చేయి.” ఆ వెంటనే, “చెకింగ్ ఇన్‌చార్జి అని నీ పేరే అనుకుంటాండా. క్వార్టర్సు కూడా చూడాల” అన్నాడు.

క్వార్టర్సుకి కుళాయి ఉంది. అప్పుడు మేముండే ఇంట్లో లేదు. ఇంతకంటే గొప్ప కారణం చెబుదామని చాలా రోజులు వెతికాను. లేదు.

వెల్డర్ల దగ్గర పంచ్‌లు తీసుకున్నాను. ఆర్డరు అయ్యేదాకానే అన్నాను. ఎర్రిస్వామి, మేస్త్రి తర్వాత అందరికంటే పెద్దవాడు, ఇచ్చేటప్పుడు పంచ్‌ని లుంగీతో తుడిచి ఇచ్చాడు. ఆ తర్వాత రోజూ వాళ్లు పక్క గోడలు, మూలలు, మెడలు, అంటే తొట్టిలో కష్టమైనవన్నీ అతికేవాళ్లు. నేను వెనకే వెళ్లి ఆర్-1 అని గుద్దేవాణ్ని. కస్టమరు మనిషి వచ్చినప్పుడు వెల్డర్లను వెనక స్టోరులో కూర్చోబెట్టి రోబోని ఆడించేవాళ్లం. అతను నంబర్లు చూసుకుని, ఆహా అని, బాదంపాలు తాగి వెళ్లేవాడు.

ఒకరోజు తొట్టి మూల దగ్గర కూర్చుని గుద్దుతున్నాను. అది మేస్త్రి అతుకు. చూడగానే తెలుస్తుంది, చేప పొలుసులు సర్దినట్టు ఉంటుంది. ఆయన నా వెనక ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తెలీదు.

“ఏం గుద్దుతాండావప్పా?”

“యజమాని చెప్పినాడు మేస్త్రీ.”

“చెప్పింది ఎవురని కాదు. గుద్దేది ఏందని.”

నేను చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు, తెలియనట్టు.

“రేపు ఇది ఊడితే ఎవుర్ని పిలుస్తావు? దాన్నా?”

“ఊడదు కదా మేస్త్రీ. మీది.”

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఇంతకుముందు చాలామంది మీద చూశాను, నా మీద అదే మొదలు. “ఊడదని తెలిసే గుద్దుతాండావు” అన్నాడు. పని దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

ఆయన ఎందుకు ఎదురు తిరగలేదని మీరు అడగొచ్చు. పదకొండు మందికి పని నడుస్తోంది. ఆర్డరు చెడగొడితే మొదట రోడ్డున పడేది వాళ్లే. నంబర్లు మళ్లీ వస్తాయని యజమాని మాట ఇచ్చాడు. వాళ్లు నమ్మారు. నేనూ నమ్మినట్టు నటించాను, పంచ్‌లన్నీ డబ్బాలో పోసి తాళం వేసుకుని.

మూడు నెలలకు యజమాని అల్లుడు దిగాడు. బెంగళూరులో మేనేజ్‌మెంటు చదివినవాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఇంకొంచెం తెలివిగా ఉండేవాడేమో. వచ్చీరాగానే మూడు నెలల చెకింగు షీట్లు తెప్పించుకున్నాడు. అన్నిటా ఆర్-1. వెల్డరు నంబరు ఒక్కటీ లేదు. మామగారు అప్పటికే పెళ్లి పీటల మీద కూడా, మా షెడ్డులో అంతా రోబోయే అని డప్పు కొట్టుకుని ఉన్నాడు. ఇప్పుడు కొత్త అల్లుడి దగ్గర ఏ మొహంతో కాదంటాడు? కాబట్టి కాదనలేదు. నేను గుద్దిన అబద్ధమే ఆ షెడ్డులో లెక్కకు వచ్చిన ఏకైక సాక్ష్యం అయింది.

ఉదయం టీ అయ్యాక అందర్నీ నిలబెట్టాడు. మర్యాదగానే అడిగాడు.

“మేస్త్రీ, ఈ మూడు నెలల్లో మీ పన్నెండు మంది నంబరు ఒక్క అతుకు మీద కూడా లేదు. మీరేం చేశారు?”

“తొట్లు చేస్తిమి సార్.”

“మరి నంబరేది?”

మేస్త్రి నావైపు చూశాడు. కోపం లేదు. నిజం చెప్పడానికి నాకు చోటు ఇస్తున్నాడు, అంతే. “గుద్దేది ఈయప్ప. ఈయప్పనే అడుగు సార్.”

అందరూ నావైపు తిరిగారు. ఎర్రిస్వామి కూడా. యజమాని ఆ పక్కనే నిలబడి కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. క్వార్టర్సులో మా ఆవిడ అప్పుడే వంటింట్లో పటాలు తగిలించింది.

“షీట్లో ఉండేదే సార్” అన్నాను.

“ఆయ్తు, అయిపాయ” అన్నాడు మేస్త్రి. టీ గ్లాసు కడిగి బోర్లించి, మొహానికి అడ్డం పెట్టుకునే షీల్డు తీసుకుని బయటికి నడిచాడు. పదకొండు మంది వెనకే నడిచారు. నెల తిరిగేసరికి ఒకతను లారీకి క్లీనరయ్యాడు. ఇద్దరు గనుల దగ్గర రాళ్లు ఏరే పనికి పోయారు. ఒకతను మా సిరిగేరిలోనే నాట్లకు కూలికి వచ్చాడు, మా అన్న మడిలోకి. ఎర్రిస్వామి కొడుకు చదువు మానేశాడని విన్నాను.

రోబో ఏకచ్ఛత్రాధిపత్యం నలభై రోజులు సాగింది. బండ్రి ఘాటులో ఒక టిప్పరు పక్కగోడ విచ్చుకుని ఖనిజమంతా రోడ్డు మీద పోసింది. మనుషులకేం కాలేదు, కానీ యజమానికి జ్ఞానోదయమైంది. వచ్చిన జ్ఞానం ఏమిటంటే, కాంట్రాక్టరు ద్వారా ఎక్కడివాళ్లనో తెప్పించడం. వాళ్ల భాష మాకు రాదు, మా భాష వాళ్లకు రాదు. వాళ్లకు నంబర్లు లేవు. వాళ్లు అతుకుతారు, నేను ఆర్-1 గుద్దుతాను. ఇప్పటికీ. మా షెడ్డులో తగ్గింది చేతులు కాదు, పేర్లు. ఇది చూడ్డానికి పక్క జిల్లాల నుంచి షెడ్ల ఓనర్లు వస్తారు. లేబర్ లేకుండా ఎలా చేస్తున్నారో నేర్చుకుని పోతారు.

మేస్త్రి తోరణగల్లు రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకున్నాడు. కిటికీ గ్రిల్సు, ట్రాక్టరు ట్రాలీలు, విరిగిన కుర్చీలు. రెండేళ్లు కంపెనీ బస్సులో ఆ షెడ్డు ముందు నుంచే రోజూ వెళ్లాను, అటు ఎండ కొడుతుందని ఇటు సీట్లో కూర్చుని. ఒక్కసారి మాత్రం నా బండి స్టాండు విరిగి తప్పలేదు. ఊర్లో ఇంకా నలుగురు వెల్డర్లున్నారు. ఆయన దగ్గరికే ఎందుకు తోసుకెళ్లానో మీరే అనుకోండి.

ఆయన దగ్గుతూ అతికాడు. “పిల్లోల్లు బాగుండారా?” అన్నాడు.

“బాగుండారు మేస్త్రీ. ఆ రోజు నేను...”

“నాకి చెప్పొద్దప్పా. తెలిసినోనికి చెప్పి ఏం లాభం? తెలీనోల్లకి చెప్పు.” స్టాండు మీద కాలు పెట్టి తొక్కి చూశాడు. “పో. మల్లీ విరగదు.”

మిషను గురించి ఏమంటావని అడిగాను, మాట మార్చడానికి. “మిషనుకేమప్పా, అది మంచిది. మనం నేర్పిన తప్పే చేస్తాది, అలిసిపోకుండా చేస్తాది” అన్నాడు. ట్రాలీవాడు పిలిస్తే వెళ్లిపోయాడు. ఆయన గొంతు మళ్లీ వినలేదు.

భూస్థాపన నాడు చర్చిలో యజమాని మాట్లాడాడు. కారు ఏసీ ఆపకుండా, డ్రైవర్ని లోపలే కూర్చోబెట్టి వచ్చాడు. “ముందుచూపున్న మనిషప్పా ఆయప్ప. కాలం మారతాండాదని తెలుసుకొని, తానే తప్పుకొని రోబోకి దారిచ్చినాడు” అన్నాడు. టీచరమ్మ తల వంచుకునే ఉంది. అల్లుడు భక్తిగా తలాడించాడు. వెనక బెంచీల్లో ఆ పదకొండు మందీ ఉన్నారు. వాళ్ల మధ్య నాకు చోటు మిగల్లేదు, ఆఫీసువాళ్లతో కూర్చున్నాను. శిష్యుడిగా రెండు మాటలు చెప్పమని పాస్టరయ్యగారు నన్ను పిలిచారు. తెలియనివాళ్లందరూ ఒకేచోట, నిశ్శబ్దంగా, నా మాట కోసం కూర్చుని ఉన్నారు. ఇంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. నేను లేచి బజ్జీల కథ చెప్పాను. నవ్వారు. కూర్చున్నాను.

నా మీద నాకున్న అసహ్యం ఆ రోజుకు పూర్తయిందనుకున్నాను. బయటికొచ్చాక టీచరమ్మ నా దగ్గరికే వచ్చింది. “అప్పా, సమాధుల తోటలోకి మేకలొస్తాండాయి. సుట్టూ కంచె కట్టేకి అయితాదా, అడిగి చూడు” అంది. ఎవరిని అడగాలో ఆమె చెప్పలేదు. ఎర్రిస్వామికి కబురు పంపాను.

ఆ పై ఆదివారం ఆరాధన అయ్యాక పదకొండు మందీ వచ్చారు. ఇనుము ఎవరు తెచ్చారో, షామియానావాడి జనరేటరు ఎవరు తెచ్చారో నాకు చెప్పలేదు. నేను వెళ్లేసరికి గుంతలు తవ్వి ఉన్నాయి. రెండేళ్లుగా రాళ్లు ఏరిన చేతులు మళ్లీ రాడ్డు పట్టుకుంటున్నాయి. మొదటి రెండు అతుకులు వంకరపోయాయి. మూడోది కుదిరింది. నేను ఎర్రిస్వామి పక్కన నిలబడ్డాను.

“ఎర్రిస్వామన్నా, ఆ నంబర్లు...”

“తెలుసు లేప్పా.”

“యజమాని అడిగినాడు గానీ, అల్లుని ముందర నేను చెప్పుంటే...”

“అదీ తెలుసు. మేం ఆడనే ఉంటిమి కదా.” షీల్డు పైకెత్తి నావైపు చూశాడు. “మాకు చెప్పేదేముండాది? మేం అతికింది మాకు తెలీదా?”

చచ్చిన మనిషీ బతికున్న మనిషీ ఒకే మాట చెప్పాక ఇంక తప్పించుకునే దారి లేదు. అందుకే ఇది మీకు రాస్తున్నాను. ఎర్రమన్ను మోసుకుంటూ మీ ఊళ్ల మీదుగా పోయే మా షెడ్డు టిప్పర్ల మీద ఆర్-1 అని ఉంటుంది. అడుగు పట్టీలు దానివే. మిగతాదంతా మేస్త్రిది, ఆ పదకొండు మందిది, ఇప్పుడైతే పేరు తెలియని ఇంకెవరెవరిదో. గుద్దింది నేను. ఇది అచ్చయిన రోజున నాకు ఉద్యోగం ఉండదు, క్వార్టర్సూ ఉండదు. మా ఆవిడకు నిన్ననే చెప్పాను. పటాలు దించడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారం పని ముగిసే వేళకు ఒక మూల కంబం నిలవక పక్కకు వాలుతోంది. అందరి చేతుల్లో ఏదో ఒకటి ఉంది, నా చేతుల్లో తప్ప. “ఖాళీగా ఉండావు కదా, పట్టుకో” అన్నాడు ఎర్రిస్వామి. నాకు షీల్డు ఇవ్వలేదు. “కండ్లు మూసుకో. నేను చెప్పేదాకా కదల్చొద్దు.” మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో పట్టుకున్నాను. మూసిన రెప్పల మీద ఎర్రటి వెలుగు పడింది. మోచేతుల మీద నిప్పురవ్వలు పడ్డాయి. కాసేపటికి వెలుగు ఆగింది. ఇనుము వేడి నెమ్మదిగా అరచేతుల్లోకి దిగింది, తర్వాత చల్లారింది. జనరేటరు ఆపారు. సామాను బండికి ఎక్కిస్తున్న చప్పుడు వినిపించింది. ఎర్రిస్వామి ఇంకా వదలమనలేదు. నేను వదల్లేదు.